లెక్కలో లేని జట్టు

సావనీరుకు ఏదైనా ఒకటి వ్రాసి ఇమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, నాకు వ్రాయటం చేతకాదు, కావాలంటే గోలు ముందు నిలబడతాను అన్నాను. "అయితే అదే వ్రాయవయ్యా, నిలబడటం గురించి!" అన్నారు. నవ్వులాటకు అన్న మాటే గాని, ఆ రాత్రి హాస్టలు గదిలో కూర్చొని ఆలోచిస్తే, గత ఆరేడేళ్ళుగా నేను మనసులో మోస్తున్నది అదే విషయమని తోచింది.

ముందుగా ఒక మనవి. నేను పేరున్న ఆటగాణ్ణి కాను. మా శాఖ ఫుట్‌బాలు జట్టుకు గోల్‌కీపరును. ఆ పదవి నాకు ప్రతిభ చూసి ఇచ్చింది కాదు. పరుగెత్తలేని వాణ్ణి గోలులో నిలబెట్టటం మన దేశంలో ఆచారం గనుక ఇచ్చారు. మా శాఖ జట్టుకు క్యాంపస్‌లో ఒక పేరుంది. "వాళ్ళతోనా మాచ్? అయితే తొందరగా అయిపోతుంది, మెస్సు మూసేలోగా వచ్చేయొచ్చు" అనేవారు. అంటే మాది లెక్కలో లేని జట్టు. ఈ వ్యాసం అటువంటి జట్లను గురించే. మా జట్టుతో మొదలుపెడితే మీరు పేజీ తిప్పేస్తారు కాబట్టి పెద్దవాళ్ళతో మొదలుపెడతాను.

నేను ఇక్కడ చేరింది 2019లో. ఆ ఏడే మన నగరానికి హైదరాబాద్ ఎఫ్.సి. అనే కొత్త క్లబ్బు వచ్చింది. ఇండియన్ సూపర్ లీగులో ఆడటానికి పుట్టిన ఆ జట్టుకు సొంత మైదానం మన పక్కనే ఉన్న గచ్చిబౌలి బాలయోగి స్టేడియం. 2002 జాతీయ క్రీడల కాలం నాటి ఆ స్టేడియాన్ని నేను అంతవరకు బస్సు కిటికీలోంచి చూడటమే గాని లోపలికి పోలేదు. అక్టోబరు 25న కలకత్తాలో మొదటి మాచ్ ఆడి 5-0తో ఓడారు. నాలుగు రోజుల తరువాత జంషెడ్‌పూర్‌లో 3-1తో ఓడారు. నవంబరు 2న సొంత మైదానంలో మొదటి మాచ్, కేరళ బ్లాస్టర్స్‌తో. హాస్టలులో నలుగురం షేర్ ఆటో ఎక్కి పోయాం.

అక్కడ చూద్దును గదా, గాలరీలో సగం మలయాళం! సాఫ్ట్‌వేర్ కంపెనీలలో పని చేసే కేరళ కుర్రాళ్ళు మెడలో ఐడీ కార్డులతోనే వచ్చేశారు. మన జట్టు రంగూ పసుపే, వాళ్ళ జట్టు రంగూ పసుపే. ఎవరు ఎవరి తరఫున అరుస్తున్నారో తెలియని పరిస్థితి. మొదటి గోలు కేరళదే, రాహుల్ కె.పి. అనే కుర్రాడు కొట్టాడు. "ఇంకేం, ముచ్చటగా మూడోది" అని మా వాడొకడు లేచి బయలుదేరబోయాడు. రెండవ సగంలో స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. పది నిమిషాల ఆట మిగిలిందనగా మార్సెలినో ఫ్రీకిక్కు కొట్టాడు. 2-1. మేము గెలిచాం! ఆ "మేము" అనే మాట ఎప్పుడు నా నోటికి వచ్చిందో నాకే తెలియదు. అంతకు గంట క్రితం వరకు "వాళ్ళు" అనే అంటున్నాను.

ఆ సీజను చివరికి మన జట్టు పద్దెనిమిది మాచ్‌లలో రెండే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ రెంటిలో ఒకటి నేను కళ్ళారా చూసినది. ఆ గర్వం నాకు నేటికీ ఉంది.

ఈ సంగతి కాచిగూడలో ఉన్న మా తాతయ్యకు చెబితే ఆయన పెద్దగా ఆశ్చర్యపడలేదు. "గచ్చిబౌలిలనా? మా కాలంల ఆడ రాళ్ళు, ముళ్ళకంపలు తప్ప ఏముండె?" అన్నాడు. తరువాత, "టీముల మన బస్తీ పోరగాళ్ళు ఎంతమంది?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

తాతయ్య పుట్టింది 1945లో. ఆయన బాల్యమంతా సిటీ పోలీసు జట్టు రాజ్యమేలిన కాలం. ఇప్పటి విద్యార్థులకు ఇది పుక్కిటి పురాణంలా ఉంటుంది గాని చరిత్రలో ఉన్నదే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. ఫుట్‌బాలు అంటే కలకత్తా, కలకత్తా అంటే ఫుట్‌బాలు అనుకొనే రోజులలో, కానిస్టేబుళ్ళ జట్టు ఒకటి దక్కను నుండి రైలెక్కి పోయి ఆ పని చేసిందంటే సామాన్యం కాదు. 1956-57లో, 1957-58లో వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ హైదరాబాదుదే. రెండవసారి పోటీలు మన నగరంలోనే జరిగాయి. ఫైనలులో బొంబాయిని 3-1తో ఓడించినప్పుడు తాతయ్యకు పన్నెండేళ్ళు, ఎవరి భుజాల మీదనో ఎక్కి చూశాడట. ఎవరి భుజాలు అన్నది ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా చెబుతాడు.

ఈ వైభవం వెనుక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవారు. ఉస్మానియాలో చదివి బడిపంతులు అయ్యాడు. కాచిగూడ మిడిల్ స్కూలులో పాఠాలు చెప్పాడు, అందుకే తాతయ్యకు ఆయన మీద ప్రత్యేకమైన హక్కు. 1950 నుండి పోలీసు జట్టుకు, తరువాత భారత జట్టుకు శిక్షకుడైనా, ఆయన ఆటను చూసిన పద్ధతి మాత్రం పంతులుదే. పిల్లలకు ఏది రాదో దానికే పరీక్ష పెట్టేవాడు. కుడికాలి వాళ్ళు ఎడమకాలితోనే కొట్టాలని ఒక టోర్నమెంటు. బంతితో ఒక్కడే పరుగెత్తకూడదు, అందించుకొంటూనే ఆడాలని ఇంకొక టోర్నమెంటు. ఇటువంటివి ఆయన నిజంగానే నడిపాడు.

సికిందరాబాదు వైపు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కథ చాలామందికి తెలిసే ఉంటుంది. బూట్లు కొనే స్తోమత లేక పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవానిచేత ఆటబూట్లుగా మార్పించుకొన్న కుర్రాడు. శిక్షణకు రోజూ వచ్చే దారి లేదంటే రహీం సాబ్ అతనికి సైకిలు అద్దెకు డబ్బులిచ్చేవాడు. ఆ సైకిలు మీద వచ్చిన కుర్రాడు 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు పోయాడు. అక్కడ మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగవ స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాలులో భారతదేశానికి అంతకు మించిన స్థానం ఆ తరువాత రాలేదు.

ఇక 1962 జకార్తా. ఆసియా క్రీడల మొదటి మాచ్‌లోనే కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. 1956లో, 1960లో ఆసియా కప్పు గెలిచిన జట్టు అది. పైగా ఆ ఊరి జనానికి మనమీద కోపం. ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను ఆతిథ్య దేశం రానివ్వకపోవటాన్ని మన క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టారు. దానితో మనవాళ్ళు ఎక్కడికి పోయినా హేళనలే. ఆ పరిస్థితిలో థాయిలాండ్‌ను, జపాన్‌ను, సెమీఫైనలులో దక్షిణ వియత్నాంను ఓడించి సెప్టెంబరు 4న మళ్ళీ అదే కొరియా ముందు నిలబడ్డారు. గోల్‌కీపరు తంగరాజ్ అప్పుడే ఫ్లూ నుండి లేచాడు. జర్నైల్ సింగ్ తలకు కుట్లున్నాయి, అందుకని వెనక ఆడే వాణ్ణి రహీం సాబ్ ముందుకు పంపాడు. పి.కె. బెనర్జీ ఒకటి, ఆ తలకట్టు జర్నైల్ ఒకటి. 2-1. స్టేడియం నిండా ఉన్న జనంలో మనకోసం అరిచింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళేనని చెప్పుకొంటారు. తొమ్మిది నెలలకు, 1963 జూనులో, రహీం సాబ్ కాన్సరుతో పోయాడు. ఆయన కథతో 2024లో హిందీలో "మైదాన్" సినిమా వచ్చిన తరువాత గాని మా తరం వాళ్ళకు ఆయన పేరు తెలియలేదు. ఇది సిగ్గుపడవలసిన విషయం.

ప్రపంచంలో ఇటువంటివి ఇంకా ఉన్నాయి. 1954లో స్విట్జర్లాండులో ప్రపంచకప్పు మొదటి దశలో పశ్చిమ జర్మనీని 8-3తో చిత్తు చేసిన హంగరీ, ఫైనలులో అదే జట్టుమీద ఎనిమిది నిమిషాలలో రెండు గోళ్ళు వేసి కూడా 3-2తో ఓడిపోయింది. 1992లో యుగోస్లావియాను తప్పించటం వల్ల ఖాళీ అయిన చోటులోకి పిలిపించుకొన్న డెన్మార్క్, ఐరోపా కప్పునే ఎత్తుకుపోయింది. 1993లో విమాన ప్రమాదంలో దాదాపు జట్టు మొత్తాన్నీ పోగొట్టుకొన్న జాంబియా, 2012లో ఆ ప్రమాదం జరిగిన లిబ్రెవిల్ నగరంలోనే ఐవరీ కోస్టును పెనాల్టీలలో 8-7తో ఓడించి ఆఫ్రికా కప్పు గెలిచింది. వీటన్నిటిలో నాకు ఒక పోలిక కనబడుతుంది. వీళ్ళెవరూ అదృష్టం వచ్చి గెలిచినవాళ్ళు కారు. ఒకసారి చెడ్డగా ఓడి, ఆ ఓటమిలో ఏదో నేర్చుకొనో, భరించో వచ్చినవాళ్ళు.

మళ్ళీ మన జట్టు సంగతికి వస్తాను. మొదటి ఏడు అట్టడుగున ఉన్న జట్టు మనోలో మార్క్వెజ్ అనే స్పెయిను శిక్షకుని చేతిలో పడింది. రెండవ ఏడు అయిదవ స్థానం, రెండు పాయింట్ల తేడాతో సెమీఫైనలు తప్పిపోయింది. మూడవ ఏడు లీగు పట్టికలో రెండవ స్థానం, ఒగ్బెచె ఒక్కడే 18 గోళ్ళు కొట్టాడు. 2022 మార్చి 20, ఆదివారం, గోవాలోని ఫటోర్డా మైదానంలో ఫైనలు. ప్రత్యర్థి ఎవరనుకొన్నారు? కేరళ బ్లాస్టర్సే.

ఆ సాయంత్రం నేను కాచిగూడ పోయి తాతయ్య పక్కన కూర్చొన్నాను. గోవా గాలరీలన్నీ కేరళవాళ్ళతో నిండిపోయాయి. పట్టికలో మనం పైన ఉన్నాం గనుక పసుపు చొక్కా మనకే దక్కింది, కేరళ జట్టు నల్ల చొక్కాలు వేసుకొంది. అయినా జనం పసుపు చొక్కాలతోనే వచ్చి నల్ల చొక్కాల కోసం అరుస్తున్నారు. "చూడు తాతయ్యా, మన వాళ్ళకు అక్కడ ఎవ్వరూ లేరు. జకార్తాలాగే ఉంది" అన్నాను.

తాతయ్య ఒప్పుకోలేదు. "ఏందిర జకార్తా! పట్టికల మనం రెండోది, వాళ్ళు నాలుగోది. మొన్నటిదాంక రెండుసార్లు ఫైనలుకొచ్చి ఓడింది వాళ్ళు. మరి చిన్నోళ్ళెవరు? జనం తక్కువున్నంత మాత్రాన చిన్న టీము గాదు బిడ్డ."

ఆ మాటతో నాకు కోపం వచ్చిందని చెప్పాలి. మనది చిన్న జట్టు అనుకోవటంలో ఒక సుఖం ఉంది. ఓడితే తప్పు లేదు, గెలిస్తే వీరులం. తాతయ్య ఆ సుఖాన్ని లాగేసుకొన్నాడు. కాని ఆయన చెప్పినది నిజం. 2014లో, 2016లో ఫైనలు దాకా వచ్చి వట్టి చేతులతో పోయిన కేరళ జట్టు, వాళ్ళను నమ్ముకొని అన్ని మైళ్ళు వచ్చిన ఆ జనం, వాళ్ళ దృష్టిలో లెక్కలో లేనివాళ్ళు వాళ్ళే. లెక్కలో లేనితనం ఎవరికి వారు చొక్కాలా తొడుక్కొనేది కాదని నాకు ఆ రోజు కొంత, తరువాత మరికొంత అర్థమయింది.

అరవై ఎనిమిదవ నిమిషంలో గోలు పడింది. కొట్టింది ఎవరు? మళ్ళీ రాహుల్ కె.పి.! గచ్చిబౌలిలో 2019లో చూసిన సినిమానే మళ్ళీ వేసినట్టుంది. ఆట రెండు నిమిషాలలో ముగుస్తుందనగా బయటినుండి వచ్చిన సాహిల్ తవోరా దూరంనుంచి బంతిని గాలిలోనే తన్ని సమం చేశాడు. పెనాల్టీలు వచ్చాయి.

మన గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి. గోవా వాడే. ఇతని కథ వింటే ఇది ఆటా, నాటకమా అనిపిస్తుంది. 2015 డిసెంబరులో, ఇదే లీగు ఫైనలులో, ఇదే ఫటోర్డాలో అతను గోవా జట్టుకు గోలులో నిలబడ్డాడు. ఎనభై ఏడవ నిమిషంలో గోవా 2-1తో ముందుకు పోయింది. తొంభయ్యవ నిమిషంలో బంతి కట్టిమణికే తగిలి సొంత గోలులో పడింది, ఆ వెంటనే ఇంకొకటి. సొంత ఊరి జనం ముందు కప్పు చేజారిపోయింది. గోల్‌కీపరు తప్పును ఎవరూ మరిచిపోరు. ఫార్వర్డు పది తప్పులు చేసి ఒక గోలు కొడితే దేవుడు, గోల్‌కీపరు పది ఆపి ఒకటి విడిస్తే ద్రోహి.

ఆరేళ్ళు దాటిన తరువాత అదే గోలు స్తంభాల మధ్య ఆ మనిషి మూడు పెనాల్టీలు ఆపాడు. హలిచరణ్ నర్జారీ కొట్టిన దెబ్బతో 3-1. హైదరాబాదు చాంపియన్లు. నేను కుర్చీమీద ఎక్కి గెంతుతుంటే తాతయ్య మాత్రం నెమ్మదిగా, "గా గోలుకీపరు పేరేంది, మళ్ళొకసారి చెప్పు" అన్నాడు.

తరువాత టీ తాగుతూ పాత ప్రశ్నే మళ్ళీ అడిగాడు. ఆట మొదలుపెట్టిన పదకొండుమందిలో గోవా, మణిపూరు, సిక్కిం, బెంగాలు, మహారాష్ట్ర కుర్రాళ్ళున్నారు; స్పెయిను, బ్రెజిలు, నైజీరియా, ఆస్ట్రేలియా వాళ్ళున్నారు. మన బస్తీ వాడు ఒక్కడూ లేడు. ఇంకొక సంగతి కూడా ఉంది. కరోనా మూలంగా ఆ ఏడు మాచ్‌లన్నీ గోవాలోనే జరిగాయి. అంటే హైదరాబాదును చాంపియన్ చేసిన ఆ సీజనులో ఒక్క మాచ్ కూడా గచ్చిబౌలిలో జరగలేదు. కప్పు మనది, ఆట మనం చూడలేదు.

ఇప్పుడు మా శాఖ జట్టు సంగతి చెప్పటానికి ధైర్యం వచ్చింది. 2023 మార్చిలో, ఎలాగో ఏమో, మేము అంతర్‌శాఖా పోటీలలో ఫైనలుకు వచ్చాం. ప్రత్యర్థులు ప్రతి ఏడూ గెలిచేవారే. ఆట చివరివరకూ సున్నా సున్నా. మైదానం చుట్టూ ఉన్న జనం మొదటిసారి మా వైపు అరవటం మొదలుపెట్టారు. చివరి నిమిషాలలో ఎడమవైపునుండి ఒక మామూలు బంతి వచ్చింది. ఎంత మామూలు అంటే, నేను దాన్ని ఆపిన తరువాత ఎవరికి విసరాలా అని కూడా చూసేశాను. నా ఎడమ చేతికింద నుండి లోపలికి పోయింది.

ఎవరూ ఏమీ అనలేదు. అదే కష్టం. మా కెప్టెన్ వచ్చి భుజం తట్టాడు. మెస్సులో నా పక్కన కూర్చొన్నవాళ్ళు ఫుట్‌బాలు తప్ప అన్నీ మాట్లాడారు. రెండు వారాలు నేను మైదానం వైపు పోలేదు, లైబ్రరీకి చుట్టుదారిన పోయేవాణ్ణి.

ఆదివారం కాచిగూడ పోతే తాతయ్య అడిగాడు. జరిగింది చెప్పాను. ఓదారుస్తాడనుకొన్నాను. ఆయన, "ఎడమ దిక్కు వచ్చిందా? మరి ఎడమ చెయ్యి ముందుకు పెట్టక కుడి చెయ్యి ఎందుకు తిప్పినవ్?" అన్నాడు. నేను చెప్పకుండానే ఆయనకు ఎలా తెలిసిందో! నిజమే, నా ఎడమచేతిని నేను నమ్మను. ఎడమవైపు బంతి వస్తే మొత్తం ఒళ్ళు తిప్పి కుడిచేయి పంపిస్తాను. మామూలు బంతులకు అది చాలుతుంది, ఆ రోజు చాలలేదు.

"రహీం సాబ్ గందుకే ఎడమకాలు టోర్నమెంట్లు పెట్టిండు" అన్నాడు తాతయ్య. ఆ మాట నేను ఎన్నోసార్లు విన్నదే. విన్నప్పుడల్లా, భలే తమాషా మనిషి అనుకొని ఊరుకొన్నాను. ఆ ఫిబ్రవరిలోనే, 16వ తేదీన, కలకత్తాలో తులసీదాస్ బలరాం పోయాడు. ఆ పేపరు కాగితం తాతయ్య బల్లమీద మడిచి పెట్టి ఉంది. దాని పక్కనుంచి ఒక టెన్నిసు బంతి తీసికొని మేడమీదికి రమ్మన్నాడు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, నీళ్ళటాంకి పక్కన నిలబడి, నా ఎడమవైపుకు బంతి విసరటం మొదలుపెట్టాడు. కుడిచేయి జేబులో పెట్టుకోమన్నాడు. పట్టుకొన్నవాటికంటె పక్కింటి మేడమీద పడినవే ఎక్కువ. ఆ ఎండాకాలమంతా ఆదివారాలు అలాగే గడిచాయి. ఇప్పుడు నా ఎడమచేయి మహా గొప్పదైపోయిందని చెప్పను. కాని దాన్ని పంపిస్తే పోతుంది.

మరి మన చాంపియన్ల మాట? గెలిచిన మరుసటి ఏడు గచ్చిబౌలికి తిరిగి వచ్చి మళ్ళీ రెండవ స్థానంలో నిలిచారు. 2023-24లో డబ్బు ఇబ్బందులలో పడ్డారు. జీతాలు అందక పెద్ద ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మిగిలిన కుర్రాళ్ళు ఇరవైరెండు మాచ్‌లలో ఒక్కటే గెలిచి అట్టడుగున నిలిచారు. ఆ రోజులలో గాలరీలో మనిషికీ మనిషికీ మధ్య పది కుర్చీల ఖాళీ ఉండేది. నేను కొన్ని మాచ్‌లకు పోయాను. ఆ కుర్రాళ్ళు ఓడిపోతామని తెలిసి కూడా తొంభై నిమిషాలు పరుగెత్తారు. నన్నడిగితే, నిజంగా లెక్కలో లేని జట్టు అంటే అదే. ఫటోర్డాలో కప్పెత్తిన జట్టుకంటె నాకు ఆ జట్టే ఎక్కువ గుర్తుంది. తరువాతి ఏడు యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మార్చుకొంది. ఆరేళ్ళ క్రితం "మేము" అన్న నోటితో ఇప్పుడు ఏమనాలో తెలియదు.

అంతకు ముందు ఒక సంగతి జరిగింది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనలు గచ్చిబౌలి స్టేడియంలో పెట్టారు. బెంగాలు, కేరళ ఆడుతున్నాయి. తాతయ్యను తీసికొనిపోయాను. ఆయన గచ్చిబౌలి రావటం అదే మొదలు. ఫ్లైఓవర్లను, అద్దాల భవనాలను చూస్తూ, "రాళ్ళన్నీ ఏడబెట్టిన్రు?" అన్నాడు. సంతోష్ ట్రోఫీ ఫైనలు ఆయన చిన్నప్పుడు ఎవరి భుజాలమీదనో చూశాడు. మళ్ళీ ఇన్నేళ్ళకు నా చేయి పట్టుకొని మెట్లెక్కి చూశాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచిన తరువాత ఆ ట్రోఫీ మనకు మళ్ళీ రాలేదు. మన జట్టు లేని ఫైనలుకు మనమెందుకు అని నేను మధ్యలో ఒకసారి గొణిగాను. ఆయన వినిపించుకోలేదు. చివరి అదనపు నిమిషాలలో రబీ హన్స్‌దా గోలు కొట్టి బెంగాలును గెలిపించాడు. ఆ పోటీలో అది అతనికి పన్నెండవ గోలు. జనం లేచి పోతున్నా తాతయ్య లేవలేదు. మైదానంలో బోర్లా పడుకొని ఏడుస్తున్న కేరళ కుర్రాళ్ళను చూస్తున్నాడు.

"అన్న, గీ మైదానంల రోజూ పోరగాళ్ళు ఆడుకుంటరా?" అని గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన్ను అడిగాడు వెళ్ళేటప్పుడు. ఆయన నవ్వి ఊరుకొన్నాడు.

క్లబ్బు ఢిల్లీ పోయిందని నేను చెప్పినప్పుడు తాతయ్య బాధపడలేదు. "వచ్చినోళ్ళు పోతరు. మన దగ్గర ఉన్న పోరగాళ్ళెవరో చూడున్రి" అన్నాడు. కలకత్తా పెద్ద క్లబ్బులు బలరాంను, తంగరాజ్‌ను తీసికొనిపోయినప్పుడు కూడా హైదరాబాదు ఆగిపోలేదు, ఇంకొక బలరాం కోసం రహీం సాబ్ ఇంకొక సైకిలుకు అద్దె కట్టాడు అని ఆయన లెక్క. ఆ పంతులు పోయిన తరువాత సైకిలు అద్దె కట్టేవాళ్ళు తగ్గిపోయారు, అంతే. డబ్బుతో జట్టు కొనుక్కు రావచ్చు, కప్పు కూడా రావచ్చు, వచ్చింది కూడా. ఆ ఆనందం అబద్ధమని నేననను, ఆ రాత్రి నేను కుర్చీ ఎక్కింది నిజమే. కాని అప్పుడు గెలిచినవాళ్ళు ఊరినుండి పుట్టారు గనుక జట్టు పోయినా ఊరిలో ఏదో మిగిలింది. ఇప్పుడు గెలిచినవాళ్ళు ఊరికి వచ్చి పోయారు. అప్పటికీ ఇప్పటికీ నాకు కనబడే తేడా ఇదొక్కటే.

అందుచేత ఈ వ్యాసాన్ని ఒక విన్నపంతో ముగిస్తాను. ప్రతి ఏడూ యూనియన్ వారు అంతర్‌శాఖా ఫుట్‌బాలు నడుపుతున్నారు, బాగుంది. వచ్చే ఏడు దానితోపాటు ఒక్కరోజు ఎడమకాలి టోర్నమెంటు పెట్టవలసిందిగా కోరుతున్నాను. ఎడమచేతి వాటం వాళ్ళకు కుడికాలు. క్యాంపస్ గోడల అవతల గోపన్‌పల్లిలో, నల్లగండ్లలో ఖాళీ స్థలాలలో ఆడుకొనే పిల్లలనూ పిలవండి. భవనాలు కట్టటానికి వచ్చిన కూలీల పిల్లలు వాళ్ళలో చాలామంది, కాళ్ళకు బూట్లుండవు గాని బంతి చెప్పినట్టు వింటుంది. గేటు దగ్గర వాళ్ళను ఆపకుండా ఒక్క మాట చెప్పిస్తే చాలు. లెక్చరర్లు కూడా ఆడవచ్చు, వారికి అటెండెన్సు మినహాయింపు ఇస్తాం!

ఖర్చు పెద్దగా ఏమీ కాదు. రెండు బంతులు, ఒక విజిలు, కాసిని మజ్జిగ పాకెట్లు. మా శాఖ తరఫున గోల్‌కీపరు సిద్ధంగా ఉన్నాడు. కుడిచేయి జేబులో పెట్టుకొని నిలబడతాడు. తాతయ్య కూడా వస్తానన్నారు, ఆయనకు నీడన ఒక కుర్చీ వేయించండి.